ఆకు కింద తీగె

మార్చి ఆఖరు. యాసంగి ఆముదం.
కల్వకుర్తి దాటినాక దేవరకొండ తొవ్వలో
గుట్టకు ఆనుకుని ఎర్రచెల్క.
బోరు రెండించుల నీళ్లు పోస్తోంది,
అదీ కరెంటున్నంతసేపు.

మిషను బరువు నా భుజానికి తెలుసు.
గాలి సీసా బరువు ఈదమ్మ నెత్తికి తెలుసు.
రోజుకు నాలుగొందలు.
గొడుగు పట్టినందుకు వేరే లేదు.

ఆకును చిన్న డబ్బా నోట్లో పెట్టి
బట్టల క్లిప్పులాగ మెల్లగా మూయాలి.
లోపలికి ఎంత బొగ్గుపులుసు గాలి పోయింది,
బయటికి ఎంత వచ్చింది,
ఆ తేడాయే ఆకు తిన్న బువ్వ.
ఏడేండ్ల నా చదువంతా ఈ ఒక్క తీసివేత.

"గాలి తింటదా?" అంది ఈదమ్మ.
తింటది.
"ఎండ ముదిరితే ఇంకెక్కువ తింటదా?"
కొంతదాకానే. ఆ తర్వాత
తిన్నదాంట్ల కొంత కక్కుతది.

ఎట్లా చెప్పాలి,
ప్రతి ఆకులో ఒక పనిమంతురాలు ఉందని,
బొగ్గుపులుసును పట్టి చక్కెర తొవ్వకు తోలడమే
కోట్ల ఏండ్లుగా ఆమె పని అని.
చల్లపొద్దున చేయి తిరిగిన మనిషే.
వేడెక్కేకొద్దీ కండ్లు బైర్లు కమ్మి
పక్కన తిరిగే ప్రాణవాయువు చేయి పట్టుకుంటుంది.
ఆ పొరపాటు సర్దుకోవడానికి
ఆకు తన గరిసెలోంచే తీసి ఖర్చు పెట్టాలి.
ప్రాణవాయువు అని పేరు పెట్టింది మనం.
ఆకును అడిగి పెట్టలేదు.

ఇవేవీ చెప్పలేదు.
"సల్లగుంటే మంచిగ పనిజేస్తది" అన్నాను.
"ఎవలైనా అంతే గద" అంది.

గట్టు అవతల జొన్న ఉంది, ఆ కథ వేరు.
దాని ఇంట్లో గది లోపల ఇంకో గది,
ఎండ అంత తొందరగా దొరకబట్టలేదు.

సీసా తిప్పాను.
రెండు పాళ్లే ప్రాణవాయువున్న గాలి.
పొరపాటుకు చోటు లేక
తిండి అంకె ఎగబాకింది.
ఎగబాకినంతా మామూలు గాలిలో పోతున్న నష్టం.
పొద్దున ఏడింటికి కొంచెమే.
పదకొండింటికి చాలా, మరీ చాలా.
తెర మీద ఆకు వేడి ముప్పైనాలుగే చూపిస్తోంది.
ముప్పైనాలుగుకు ఇంత నష్టమా!
ఒక్క నిమిషం కొత్త సంగతి దొరికిందనుకున్నాను.
సిగ్గు విడిచి చెప్తున్నా,
వ్యాసానికి పేరు కూడా అనుకున్నాను.

ఈదమ్మ కొలిచిన ఆకునల్లా తిరగేస్తోంది.
పచ్చపురుగు గుడ్లు చూసే అలవాటు,
ఏ ఆకునూ ఊరకే వదలదు.
"బిడ్డా,
పొద్దుగాల ఆకుల కింద చిన్న చుక్క పడ్డది.
గీ ఆకులకు పడ్తలేదు."

డబ్బా తెరిచాను.
వెంట్రుకంత సన్నటి తీగె,
ఆకు కడుపుకు ఆని ఒంటి వేడి చెప్పాల్సింది,
ఎప్పుడో వంగిపోయి
గాలిలో వేలాడుతూ
గాలి ముచ్చటే చెప్తోంది.
గోటితో ఎత్తాను. ఆకు ఆనింది.
ముప్పైతొమ్మిది.

ఆకు వేడి తప్పితే లోపలి ఆవిరి లెక్క తప్పు.
ఆవిరి తప్పితే ఆకు రంధ్రాలు ఎంత తెరుచుకున్నాయో తప్పు.
అది తప్పితే లోపల మిగిలిన గాలి ఎంతో తప్పు.
గొలుసంతా ఒక వెంట్రుకకు కట్టి ఉంది.

ఇరవైయేడు లెక్కలు అడ్డంగా కొట్టేశాను.
"అన్నీ వట్టియేనా?"
వట్టియే.
"మరి పొద్దటి సంది మన ఎండ?"

పుస్తకంలో రాశాను:
తీగె ఆనలేదు. కనిపెట్టింది నాగనమోని ఈదమ్మ.
చదివి వినిపించమంది. వినిపించాను.
ఇంటిపేరు ఇంకోసారి చదవమంది.

ఊరికే, ఆ తీగె ఆమె అరచేతికి ఆనించాను.
కాయలు కాసిన చోట అంకె ఎక్కడానికి జాగు చేసింది,
ముప్పైఆరు దగ్గర నిలబడింది.
"ఆకు కంటె నేనే నయం" అని నవ్వి
గొడుగు మళ్లీ మిషను మీదికి పట్టింది.
తన నెత్తి మీదికి కాదు.